మధ్యాహ్నపు నీళ్ళు

"సిమెంటు నీది కాబట్టి తడపడం కూడా నీదే," అన్నారు మావారు, టీ గ్లాసు సింకులో పెడుతూ. పెట్టారంతే, కడగలేదు. కోపంగా అన్న మాట కాదు. ఆయనకు కోపం వచ్చేదే తక్కువ. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన నోట ఏ మాట వచ్చినా అప్పటికే రుజువైపోయినట్టు ఉంటుంది. నేను కూడా నవ్వాను. మెట్లెక్కి మేడ మీదికి వెళ్ళి, గొట్టం చేతిలోకి తీసుకున్నాక, ఇందులో నవ్వాల్సింది ఏముందా అని వెతుక్కున్నాను. దొరకలేదు. అలాగని ఏడవాల్సిందీ కనిపించలేదు. నా బతుకులో చాలా మాటలు ఇలాగే ఉంటాయి. ఏ గంపలో వెయ్యాలో తెలియదు.

మేడ మీద ఒక గది వేసుకుంటున్నాం. మావారి ట్యూషన్ పిల్లలు హాలంతా పరుచుకుని కూర్చుంటే అత్తయ్యకు కాళ్ళు చాపుకోవడానికి చోటుండడం లేదు. ఆ గదికి వాడిన సిమెంటు బజార్లో దొరకదు. నేను పనిచేసే ప్రయోగశాలలో, నేనూ నా తోటివాళ్ళూ ఏళ్ళ తరబడి కూర్చుని తయారుచేసింది. సిమెంటంటే మూలంలో సున్నపురాయి. దాన్ని బట్టీలో ఎర్రగా కాలిస్తే క్లింకరు అనే గట్టి గుళికలవుతాయి, వాటిని పొడి చేస్తే సిమెంటు. బొగ్గు కాలిస్తే పొగ వస్తుందని అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఆ రాయి కూడా కాలేటప్పుడు తన కడుపులో దాచుకున్న బొగ్గుపులుసు వాయువును, భూమిని వేడెక్కించే వాయువును, వదిలేస్తుంది. బొగ్గు పూర్తిగా మానేసినా అది ఆగదు. వెలువడే వాయువులో సగానికి పైగా రాయిలోంచి వచ్చేదే. దేశమంతా ఇళ్ళు కట్టుకుంటోంది, దేశమంతా రాయి కాలుస్తోంది. అందుకని మేం సిమెంటులో సగం క్లింకరు తీసేసి, ఆ చోట ఓ మోస్తరు వేడికి కాల్చిన బంకమట్టినీ, కాల్చని సున్నపురాయి పొడినీ కలిపాం. వాయువు సుమారు మూడో వంతు తగ్గుతుంది. బలం తగ్గదు. కాకపోతే కాస్త నిదానం. పాత సిమెంటుతో కట్టిన గోడ కన్నా దీన్ని ఎక్కువ రోజులు తడుపుతూ ఉండాలి, మా భాషలో క్యూరింగ్. తడి ఆరితే బీటలు వారుతుంది.

మేస్త్రి మొదటి బస్తా విప్పి వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది బద్ధకం సిమెంటండీ మేడం. తెల్లారేసరికి లేవదు," అన్నాడు. ఆ పేరు ఇంట్లో స్థిరపడిపోయింది. అత్తయ్య అయితే "మీ బద్ధకంది ఎలా ఉంది?" అని ఎవరో చుట్టం క్షేమం అడిగినట్టు అడిగేది. మావారు ముందు ఒప్పుకోలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, మన గదికే వాడకపోతే దేశాన్ని వాడమని ఏ మొహంతో చెప్పను అని నేను పట్టుబట్టాను. చివరికి, "సరేలే, నీ సరదా నేనెందుకు కాదనాలి," అన్నారు. జుట్టు నెరిసేదాకా చేసిన పని సరదా ఎప్పుడైందో నాకు తెలియలేదు. కానీ ఒప్పుకున్నారన్న సంతోషంలో ఆ మాటను పక్కన పెట్టేశాను. పక్కన పెట్టిన మాటలతో నాకు ఓ గదే నిండిపోయింది, మేడ మీద ఇంకోటి దేనికి!

పొద్దున వంట, డబ్బాలు, అత్తయ్యకు మాత్రలు, ఆ తరువాత గోడలు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే బ్యాగు కుర్చీలో పడేసి మళ్ళీ గోడలు. నిజం చెప్పాలంటే అక్కడ నాకు బాగుండేది. కింద ఏ గదిలో కూర్చున్నా ఎవరో ఒకరు నన్ను పిలుస్తారు. కత్తెర ఎక్కడుంది, పాలు పొంగుతున్నాయేమో చూడు, నా కళ్ళజోడు చూశావా. మేడ మీద ఉన్నప్పుడు మాత్రం ఎవరూ పిలవరు. పిలిస్తే పని పంచుకోవాల్సి వస్తుందేమోనని భయం కాబోలు. గొట్టం చివర బొటనవేలు అడ్డం పెడితే నీళ్ళు విసనకర్రలా విచ్చుకునేవి. పచ్చి గోడ ఆ నీటిని చప్పరించినట్టు పీల్చుకునేది. తడిసిన సిమెంటు వాసన, కింద వీధిలో టైలరమ్మ మిషను టకటక, ఆకాశం. అప్పుడు చాకిరీ చేస్తున్నానో విశ్రాంతి తీసుకుంటున్నానో తేల్చుకోలేకపోయేదాన్ని. ఎవరైనా వచ్చి ఈ పని నేను చేస్తానంటే ఇచ్చేస్తానా, ఇవ్వనా? ఇవ్వకపోతే మరి రోజూ మెట్లెక్కేటప్పుడు నా నడుం ఎందుకు గొణుగుతోంది?

కొన్నాళ్ళకు ఒక వింత గమనించాను. మధ్యాహ్నం ఎండంతా పడమటి గోడ మీదే పడుతుంది. అది ఎండిపోతుందని భయపడి గోనెపట్టాలు కప్పి ఉంచాను. సాయంత్రం వచ్చి పట్టా ఎత్తి చూస్తే గోడ చల్లగా, ముదురు రంగులో, తడితడిగా ఉంది. పట్టా కూడా ఎండలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అరచెయ్యి గోడకు ఆనించి చాలాసేపు నిలబడ్డాను. కాల్చిన బంకమట్టి రేణువులు సన్నం, సన్నటి సందుల్లో నీరు నిలుస్తుంది, కాబట్టి ఇది సాధ్యమే అనుకున్నాను. ప్రయోగశాలలో ఇంతగా కనిపించని మాట నిజమే. కానీ ప్రయోగశాలలో గోడలెక్కడున్నాయి, అరచేతిలో పట్టే దిమ్మలు తప్ప? చూడాలనుకున్నది కంటికి ఇట్టే కనిపిస్తుంది. నాకు కనిపించింది.

ఆ వారంలోనే ప్రమాణాల కమిటీ కూర్చుంది. కొత్త సిమెంటు దేశంలో అమ్మవచ్చా, ప్రభుత్వ కట్టడాల్లో వాడవచ్చా అన్నది తేల్చేది ఆ కమిటీయే. పొడుగాటి బల్ల, చల్లటి గది, నేనొక్కదాన్నే ఆడమనిషిని. చేతిరాత బాగుంటుందని మొదట్లో ఒకసారి నన్ను మినిట్స్, అంటే ఎవరేమన్నారో ఏం తేల్చారో, రాయమన్నారు. ఇప్పుడు కంప్యూటర్లో టైపు చేస్తాను, అయినా చేతిరాత బాగుంటుందనే నాకే ఇస్తారు. మా ఛైర్మన్ మంచివాడు. ఈ సిమెంటును నాకన్నా ఎక్కువ నమ్మినవాడు. ఎదురుగా కూర్చునేది ఒక పెద్ద కంపెనీ తాలూకు ఆయన. వాళ్ళకు బట్టీలు చాలా ఉన్నాయి, క్లింకరు తగ్గితే బట్టీలు చల్లారతాయి. మనసులో ఆయనకు నేను బట్టీలాయన అని పేరు పెట్టుకున్నాను.

ఆ రోజు బట్టీలాయన చేతులు కట్టుకుని, "మంచి సిమెంటే మేడం, కాదనను. కానీ అన్నన్ని రోజులు గోడలు తడిపేదెవరు? చిన్న ఇళ్ళవాళ్ళు మనిషిని పెట్టుకోగలరా? ఆ ఖర్చు ఎవరిది?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. చిన్న ఇళ్ళ మీద ఈయనకు ఇంత ప్రేమ ఎప్పటినుంచి? "మా ఇంట్లోనే చూస్తున్నానండీ," అన్నాను. "నేను ఉద్యోగం చేసుకుంటూనే పొద్దునా సాయంత్రం తడుపుతున్నా. మధ్యాహ్నం ఎవరూ గోడ జోలికి పోరు. అయినా సాయంత్రానికి తడి ఆరడం లేదు."

ఛైర్మన్ బల్ల మీద చిన్నగా చరిచాడు. "ఇంకేం కావాలండీ, సొంత ఇల్లే సాక్ష్యం! రాసెయ్యండి మేడం, తడపడానికి అదనపు ఖర్చేమీ లేదని."

రాశాను. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని నాలో నేను నవ్వుకున్నాను కూడా.

తరువాతి వారం ప్రయోగశాలలో ఉండగా ఎదురింటి టైలరమ్మ ఫోన్ చేసింది. అత్తయ్య మేడమెట్ల మీద జారిపడింది, చెయ్యి వాచిపోయింది, తను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్తోంది. నేను వెళ్ళేసరికి అత్తయ్య బల్ల మీద కూర్చుని ఉంది. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు, ఎవరో పట్టుకొమ్మని ఇచ్చి వెళ్ళినట్టు చూసుకుంటోంది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిసి ఉన్నాయి.

"మేడ మీదికి ఎందుకెళ్ళారత్తయ్యా?" అన్నాను.

అత్తయ్య ఎడమ చేత్తో తడిసిన కుచ్చెళ్ళు పిండుకుంది. టైలరమ్మే ఆశ్చర్యపోయింది. "అదేంటండీ, పెద్దావిడ రోజూ మధ్యాహ్నం బకెట్టు పట్టుకుని ఎక్కుతారు కదా, గోడకి నీళ్ళు పోయడానికి! నా మిషను దగ్గరికి కనపడుతూనే ఉంటుంది. మీరే చెప్పారేమో అనుకున్నా."

నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. అత్తయ్య నొప్పి గురించి కాదు. అయితే ఆ తడి సిమెంటుది కాదన్నమాట, అనుకున్నాను. ముందు ఆ ఆలోచన వచ్చి, దాని వెనకాల, ఆలస్యంగా వచ్చిన చుట్టంలా, అయ్యో అనే మాట వచ్చింది. నేనెలాంటి మనిషిని? చదువు ఇలా చేసిందా, ముందునుంచీ ఇంతేనా? అత్తయ్య పక్కన కూర్చుని ఎడమ చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి అరచేతిలో బకెట్టు కాడ ఒరిపిడికి కాయ కాసి ఉంది. రోజూ కుడి చేతికి నీళ్ళ గ్లాసిచ్చి, మాత్రలు ఆ చేతిలోనే పెడతాను. ఎప్పుడూ చూడలేదు.

మావారు బడి నుంచి నేరుగా వచ్చారు. డాక్టరుతో మాట్లాడారు, మణికట్టు విరిగిందన్నారు, కట్టు వేయించారు. అన్నీ సక్రమంగా చేశారు. తరువాత వరండాలో నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "నీ ప్రయోగానికి మా అమ్మ చెయ్యి కావలసొచ్చిందా?" అన్నారు.

ఆ మాటకు నా దగ్గర జవాబుండాలి. సిమెంటు నీదే తడపడం నీదే అన్నదెవరు, గొట్టం ఒక్కసారైనా పట్టుకున్నారా అనాలి. నోటిదాకా వచ్చింది. కానీ అప్పుడే, నిజమే కదా, కావలసొచ్చింది కదా, అనిపించింది. ఆ చెయ్యి లేకపోతే నా గోడ తడిగా ఉండేది కాదు, కమిటీలో నా మాట నెగ్గేది కాదు. ఆయన తప్పుగా అన్న మాట ఎలా నిజమైందో అర్థం కాక, గోడకు అంటించిన నిశ్శబ్దం పాటించండి అన్న కాగితం వైపు చూస్తూ నిలబడ్డాను. పాటించాను.

ఇంటికి వచ్చాక అత్తయ్యను పడుకోబెట్టి పక్కన కూర్చున్నాను. "నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే వద్దంటావు. వద్దంటే మానాలి. గోడ అక్కడ మాడిపోతుంటే నేను కింద ఫ్యాను కింద కూచోనా? పచ్చి గోడ పసిపిల్లతో సమానం, దాహమేస్తే నోరు తెరిచి అడగలేదు."

"గొట్టం ఉందిగా. బకెట్టు ఎందుకు మోశారు?"

"ఆ గొట్టం తిప్పడం నాకు చేతకాదు. చెంబుతో కొడితేనే నాకు తృప్తి." కాసేపు కళ్ళు మూసుకుంది. "ఈ కింద ఇల్లు కట్టినప్పుడు నీళ్ళు ఎవరు మోశారనుకున్నావు? కుళాయి వీధి చివర ఉండేది. మీ ఆయన నా చంకలో, బిందె ఇంకో చంకలో. ఇదిగో, ఈ గోడ, ఆ గోడ, వంటింటి గోడ, అన్నీ నేనే తడిపాను. మీ మామయ్య ఉన్నన్నాళ్ళూ ఎవరొచ్చినా ఇలా గోడ మీద చెయ్యేసి, నేను కట్టిన ఇల్లు, అనేవారు."

"మీరేమనేవారు?"

"నేనేమంటాను. టీ తెచ్చేదాన్ని."

"కోపం రాలేదా అత్తయ్యా?"

"ఏమో. వచ్చిందో లేదో చూసుకునే తీరికేదీ?" అని, అంతలోనే తన మామూలు గొంతుతో, "చదువుకున్న కోడలు సిమెంటు కనిపెట్టింది, అత్తకి కట్టు వేయించింది. వెళ్ళి కూర సంగతి చూడు," అంది.

ఆ సాయంత్రం నుంచి గోడలు తడిపే పని మావారు తీసుకున్నారు. నేను అడగలేదు, అత్తయ్య దగ్గర నుంచి లేచే వీలు లేక ఎక్కలేదంతే. ఆయన గొట్టం పట్టుకుని మేడ మీద నిలబడితే వీధి వీధంతా చూసింది. "మాస్టారు ఎంత మంచివారండీ, బడి నుంచి వచ్చి కూడా ఎంత కష్టపడతారో!" అంది ఎదురింటి టైలరమ్మ, రోజూ నన్నూ అత్తయ్యనూ అదే మేడ మీద చూసిన టైలరమ్మ. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు. ఆయన దిగి వచ్చి చేతులు తుడుచుకుంటూ, "తడిపేశాను," అని నా ఎదురుగా నిలబడ్డారు. నా నుంచి ఏదో రావాలి. "బాగా తడిపారండీ," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియలేదు. మరి మధ్యాహ్నం సంగతేమిటని నేను అడిగితే, "మధ్యాహ్నం నాకు బడి ఉంది కదా," అన్నారు, ఆ వేళకు ఉద్యోగం ఉన్నది లోకంలో తనొక్కడికే అయినట్టు. నాలుగు మధ్యాహ్నాలు ఎవరూ ఎక్కలేదు. ఆదివారం నేను వెళ్ళి పట్టా ఎత్తి చూస్తే పడమటి గోడ మీద వెంట్రుకంత సన్నటి బీటలు, సాలెగూడులా.

ఆ బీటలు వేలితో తడుముతూ నేను సంతోషపడ్డానా, బాధపడ్డానా? రెండూ కాదు, రెండూను. సిమెంటు చెడ్డది కాదు. మేం ముందే చెప్పినట్టు నీళ్ళు అడిగింది, నీళ్ళు పోసే మనిషి లేకపోతే ఏమవుతుందో అదే అయింది.

మర్నాడు ఛైర్మన్ గదికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అత్తయ్య ఆరోగ్యం అడిగాడు. తరువాత, "మీ అత్తగారు తడిపారు, సరే. దానివల్ల తేలిందేమిటి? ఏ ఇంట్లోనైనా ఎవరో ఒకరు ఉంటారనే కదా? ఖర్చు లేదన్న మాట ఇంకా బలపడింది," అన్నాడు.

ఒక్క క్షణం ఆ మాట నాకు సరిగ్గానే ఉన్నట్టు తోచింది. అదే నన్ను భయపెట్టింది.

"ఎవరో ఒకరు కాదండీ, ఆవిడ మోకాళ్ళ నొప్పులతో..."

"మేడం," అన్నాడాయన, కాస్త విసుగ్గా. "ఈ ముక్క ఆ కంపెనీవాళ్ళ చెవిన పడితే ఏమవుతుందో తెలుసా? ఇంకో అయిదేళ్ళు తోసేస్తారు. ఒక్కో రోజు బట్టీల్లోంచి ఎంత వాయువు పోతోందో మీకు నేను చెప్పాలా? ఒక బకెట్టు కోసం ఇదంతా నీళ్ళపాలు చేస్తారా? అసలు మీరెవరి వైపు?"

ఇంటికి వెళ్ళే దారంతా ఆ ప్రశ్న నాతోపాటు బస్సులో నిలబడే వచ్చింది. నేనెవరి వైపు? కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మాట దాచితే దేశంలో ఎన్ని చిన్న ఇళ్ళున్నాయో అన్ని ఇళ్ళలో ఎవరో ఒకరు ఇంకొన్ని రోజులు బకెట్టు మోస్తారు, ఖర్చు లేదు అని రాసిన చోట ఆ ఎవరో ఒకరు మాయమైపోతారు. మాట చెబితే పాత బట్టీలు హాయిగా మండుతూనే ఉంటాయి, ఆ వేడి చివరికి ఎవరి నెత్తిన పడుతుంది? మండే ఎండలో మేడ మీద నిలబడే వాళ్ళ నెత్తినే. ఎటు తిప్పినా అదే చెయ్యి, అదే బకెట్టు. ఇంకో విడ్డూరం ఏమిటంటే, ఈ ప్రశ్న మొదట అడిగింది నేను కాదు. తడిపేదెవరు అని అడిగినవాడు బట్టీలాయన. తన స్వార్థానికే అడిగాడు, ఆడవాళ్ళు గుర్తొచ్చి కాదు. అయినా అడిగాడు. ఆడదాన్నయి ఉండి, రోజూ గొట్టం పట్టుకుంటూ ఉండి, నేను ఆ ప్రశ్న నోరు నొక్కాను. గెలిచానని నవ్వుకున్నాను కూడా. బస్సు దిగి ఒక స్టాపు వెనక్కి నడవాల్సి వచ్చింది, నా స్టాపు దాటిపోయిందని కూడా చూసుకోలేదు.

మళ్ళీ కమిటీ కూర్చున్న రోజు ఏం మాట్లాడాలో నిర్ణయించుకోకుండానే వెళ్ళాను. అసలు మాట్లాడతానో లేదో కూడా తెలియదు. ఆనవాయితీ ప్రకారం ముందు పోయినసారి మినిట్స్ చదవాలి, అందరూ సరేననాలి. చదివేది నేనే. తేదీ చదివాను, వచ్చినవాళ్ళ వివరాలు చదివాను, బలం పరీక్షల ఫలితాలు చదివాను. ఆ తరువాతి వాక్యం దగ్గర ఆగాను. ఛైర్మన్ కళ్ళెత్తి చూశాడు.

"తడపడానికి అదనపు ఖర్చేమీ లేదు," అని చదివి, "ఈ వాక్యం తప్పండీ," అన్నాను. "చెప్పింది నేనే, తప్పుగా చెప్పాను. మా ఇంటి పడమటి గోడని ప్రతి మధ్యాహ్నం మా అత్తగారు తడిపారు. ఎండలో బకెట్టుతో నీళ్ళు మోసి తడిపారు. ఆవిడ చేసిన పనిని నేను సిమెంటు గుణం అనుకున్నాను."

నవ్వారు. పెద్దగా కాదు, మర్యాదగానే. "అత్తగారి క్యూరింగ్!" అన్నారెవరో చివరి నుంచి, మళ్ళీ నవ్వారు. బట్టీలాయన వెనక్కి వాలి, "నేను మొదటే అన్నానా?" అన్నాడు.

"మీరడిగింది సరైన ప్రశ్నేనండీ," అన్నాను ఆయన వైపు తిరిగి. "కానీ మీ సిమెంటు కూడా తడపకుండా గట్టిపడదు కదా. దాన్ని ఎవరు తడుపుతున్నారు? ఇన్నేళ్ళూ మీరూ అడగలేదు, మేమూ అడగలేదు. కొన్ని రోజులు పెరిగేసరికి ఇప్పుడు కనిపించింది."

ఆయన కాగితాలు సర్దుకున్నాడు. చాలాసేపు ఒకళ్ళ మాట ఒకళ్ళు వినిపించుకోకుండా మాట్లాడారు. చివరికి తేల్చింది ఇది: కొత్త సిమెంటును కాదనలేదు, ఒప్పుకోనూ లేదు. వచ్చే ఎండాకాలం మామూలు ఇళ్ళ మీద పరీక్షించాలి, తడిపే మనిషికి కూలి ఇచ్చి ఆ ఖర్చు కూడా కలిపి చూడాలి, అప్పుడు మళ్ళీ కూర్చోవాలి. అంటే అంతదాకా బట్టీలు మండుతూనే ఉంటాయి. ఎంత వాయువో నా మనసు దానంతట అదే లెక్క వేసింది. ఆపమంటే ఆగలేదు.

నడవాలో ఛైర్మన్ నా మొహం చూడకుండా, "ఆ పరీక్షలన్నీ మీరే చూసుకోండి. తేనెతుట్టె కదిపింది మీరేగా," అన్నాడు.

"చూస్తానండీ," అన్నాను. "మినిట్స్ మాత్రం ఇకనుంచి ఇంకెవరైనా రాయాలి."

"అదేంటి?"

"రెండూ నావల్ల కాదండీ."

ఇంత చిన్న మాట చెప్పడానికి ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందో తెలియదు. చెప్పాక గొప్పగా ఏమీ అనిపించలేదు. దేశం పని ఆపినదాన్ని మినిట్స్ మానేసి సంబరపడతానా అనిపించింది.

ఇంటికి వచ్చేసరికి మావారు ట్యూషన్ చెబుతున్నారు. అత్తయ్య వెనక గదిలో తల దువ్వించుకోవడానికి దువ్వెన ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. కట్టు వేసినప్పటినుంచీ ఆ పని నాదే. వెనకాల కూర్చుని చిక్కు తీస్తూ, "ఆగిపోయిందత్తయ్యా," అన్నాను. "వచ్చే ఎండాకాలం దాకా. నావల్లే."

జరిగిందంతా చెప్పాను. అత్తయ్య చివరిదాకా విని, తల విదిలించింది. "ఓసి పిచ్చిదానా! నా బకెట్టు నీళ్ళ కోసం దేశం పని ఆపుతావా? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఇందుకే అంటారు. నేనేమన్నా అడిగానా నిన్ను? ఆ పొగేదో తగ్గుతుందనేగా ఇన్నాళ్ళు ఇల్లూ వాకిలీ వదిలి తిరిగావు!"

ఆవిడ చెప్పింది కూడా నిజమే. ఆ రోజు అందరూ నిజమే చెప్పారు, ఒకరి నిజం ఇంకొకరి నిజం పక్కన ఇమడలేదు, అంతే. దువ్వుతూనే ఉన్నాను. చిక్కులు పోయాక కూడా దువ్వుతూనే ఉన్నాను. హాల్లోంచి మావారి గొంతు వినిపిస్తోంది. ఎంతో సేపటికి అత్తయ్య, తల తిప్పకుండానే, "అయితే అక్కడ అందరూ పెద్దపెద్దవాళ్ళేనా?" అంది.

"అందరూ పెద్దవాళ్ళే."

"వాళ్ళ ముందు చెప్పావా, తడిపింది నేనేనని?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"నవ్వారు."

"నవ్వితే నవ్వారు. వెనక కూర్చున్నవాళ్ళకి కూడా వినపడిందా?"

"వినపడిందత్తయ్యా."

అత్తయ్య కట్టు ఉన్న చేతిని రెండో చేతిలోకి తీసుకుంది.

"ఏదీ, ఆ మాట మళ్ళీ చెప్పు. వాళ్ళకి చెప్పినట్టే చెప్పు."

దువ్వెన పక్కన పెట్టి, లేచి, ఆవిడ ఎదురుగా వచ్చి నిలబడి, చెప్పాను.